కూలకముందే కొలిచిపెట్టే కాంతి

అమరావతిలో అమరేశ్వరుని దర్శనం చేసుకుని, పనిలో పనిగా స్తూపం కూడా చూసిపోదామని నడిచివచ్చే యాత్రికులు అక్కడ ఒక్క క్షణం తెల్లబోతారు. ఎదుట కనిపించేది గుండ్రటి దిబ్బ. దాని చుట్టూ నిలబెట్టిన కొన్ని రాతి పలకలు, విరిగిన కొన్ని స్తంభాలు. దాదాపు 50 మీటర్ల అడ్డుకొలతతో, నిండా శిల్పం చెక్కిన పల్నాటి సున్నపురాయి పలకలు తొడుక్కుని, కృష్ణ ఒడ్డున మెరుస్తూ నిలిచిన మహాచైత్యం ఇదేనంటే నమ్మబుద్ధి కాదు.

అయినా ఆ చైత్యం ఎలా ఉండేదో ఈనాడు పండితులు చాలావరకు చెప్పగలుగుతున్నారు. ఎక్కడ ఏ పలక ఉండేదో, ప్రాకారానికి ద్వారాలు ఎటువైపు ఉండేవో పటం గీసి చూపగలుగుతున్నారు. పోయినదాన్ని ఇంతగా ఎలా చెప్పగలుగుతున్నారంటే, పూర్తిగా పోకముందు ఒకాయన వచ్చి కొలిచి, గీయించి పెట్టుకున్నాడు గనుక.

ఆయన కాలిన్ మెకంజీ. ఊరూరి కైఫీయతులు రాయించిన మెకంజీ దొర అంటే పల్నాటి పెద్దలకు గుర్తుండే పేరే. 18వ శతాబ్ది చివర రాజా వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు చింతపల్లి విడిచి అమరావతిలో కొత్త పట్టణం కట్టించసాగారు. కట్టడాలకు రాయి కావాలి, ఇటుక కావాలి. దీపాలదిన్నె అని జనం పిలుచుకునే దిబ్బను తవ్వితే రెండూ దొరికాయి. బొమ్మలు చెక్కిన రాళ్లు బయటపడుతున్నాయని విని మెకంజీ 1798లో ఒకసారి వచ్చి చూసి వెళ్లారు. మళ్లీ 1816లో వచ్చేసరికి దిబ్బ నడిమధ్యలో చెరువు తవ్వి ఉంది. పోయిన రాళ్లు పోగా మిగిలినవి అక్కడక్కడ పడి ఉన్నాయి.

పోయినవాటిని తెచ్చే ఉపాయం ఆయన చేతిలో లేదు. చేయగలిగింది చేశారు. వెంట ఉన్న చిత్రకారులను ఎండలో కూర్చోబెట్టి పలకల బొమ్మలు గీయించారు. స్థలాన్ని కొలిపించి పటం వేయించారు. 80కి పైగా బొమ్మలున్న ఆ సంపుటం నేడు లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో భద్రంగా ఉంది. ఆనాడు గీసిన రాళ్లలో చాలావాటి జాడ ఆ తరువాత దొరకలేదు. కొన్ని ఊళ్లో గోడల్లో కలిశాయి, కొన్ని సున్నపు బట్టీల పాలయ్యాయి. అవి ఈ లోకంలో ఉండేవని చెప్పేందుకు మిగిలిన సాక్ష్యం ఆ కాగితాలే.

దీనికి పూర్తిగా భిన్నమైన ఉదంతం కూడా అమరావతిలోనే జరిగింది. 1880లో మద్రాసు గవర్నరుగా ఉన్న బకింగ్‌హాం డ్యూకు దిబ్బనంతా తవ్వి శుభ్రం చేయించమని ఉత్తరువు ఇచ్చారు. కూలీలు దిగారు, తవ్వారు. వందల రాళ్లు బయటపడ్డాయి. ఏ రాయి ఎక్కడ, ఎంత లోతున, ఏ పక్కకు ఒరిగి ఉందన్నది మాత్రం సరిగా రాసి పెట్టిన వారు లేరు. ఆ తరువాత పురావస్తు సర్వే అధికారి జేమ్స్ బర్జెస్ వచ్చి చూసేసరికి మిగిలింది పెద్ద గుంత. మంచి ఉద్దేశంతో చేసిన పనే కావచ్చు. కాని స్తూపానికి దానివల్ల జరిగిన నష్టం ఇంతా అంతా కాదు.

కొండ మీదికి ఎక్కిన రాళ్లు

అమరావతిలో జరిగిన తప్పు నాగార్జునకొండలో జరగలేదు. అక్కడ నీరు ముంచుకొస్తున్న సంగతి ముందే తెలుసు. 1926లో ఎ.ఆర్. సరస్వతి ఈ లోయలోని శిథిలాలను గుర్తించారు. ఆ మరుసటి ఏడాది నుంచి లాంగ్‌హర్స్ట్ కొన్నేళ్లు తవ్వారు. 1955 డిసెంబరు 10న నాగార్జునసాగర్ ఆనకట్టకు నెహ్రూ శంకుస్థాపన చేసేనాటికే లోయ మునిగిపోతుందని తేలిపోయింది. అంతకు ముందు సంవత్సరం నుంచే ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యాన పురావస్తు సర్వే బృందం లోయలో దిగింది. 1960 దాకా తవ్వకాలు సాగాయి.

ఇక్ష్వాకుల విజయపురిలో వందకు పైగా చోట్ల తవ్విన ఆ బృందం చేతిలో ఉన్న పనిముట్లు ఏమిటి? కొలత టేపు, దారానికి కట్టిన గుండు, రసమట్టం, సర్వేయర్లు వాడే దుర్భిణి యంత్రం, ఫొటో కెమెరా, గళ్ల కాగితం, పెన్సిలు. ముఖ్యమైన కట్టడాలను రాయి రాయిగా విప్పి, విప్పిన వరుసలోనే కొండ మీద, అనుపులో తిరిగి అమర్చారు. మరికొన్నింటికి నమూనాలు కట్టారు. స్నానఘట్టం కొండ ఎక్కింది. మెట్లమెట్లుగా కూర్చునే రంగశాల అనుపు చేరింది. మెట్టు ఎత్తు అంగుళం అటూ ఇటూ అయినా వరుస కుదరదు. ఒక రాయి తారుమారైతే పక్క రాయి పట్టదు. నీరు నిండకముందే ఆ పని పూర్తి చేసినవారి ఓర్పును మెచ్చుకోవలసిందే. ఈనాడు లాంచీలో కొండకు వెళ్లేవారి కింద, నీటి అడుగున, ఆ కట్టడాల అసలు స్థలాలు ఉన్నాయి.

ఇలా టేపు పట్టి కొలిచే పనికి ఇప్పుడు మరో యంత్రం తోడు వచ్చింది. అదే లేజర్ స్కానర్.

కేక వేసి కొండను కొలిచినట్టు

కొండ ఎదుట నిలబడి కేక వేస్తే కాసేపటికి ప్రతిధ్వని వినిపిస్తుంది. రెండు సెకన్లకు వినిపించిందనుకుంటే, శబ్దం కొండదాకా పోవడానికి ఒక సెకను, తిరిగి రావడానికి ఒక సెకను పట్టిందన్నమాట. గాలిలో శబ్దం సెకనుకు దాదాపు 340 మీటర్లు పోతుంది. కాబట్టి కొండ 340 మీటర్ల దూరాన ఉందని టేపు పట్టకుండానే చెప్పవచ్చు.

లేజర్ స్కానర్ చేసే పని అదే, కేకకు బదులు కాంతిని వాడుతుంది. మూడుకాళ్ల స్టాండు మీద కూర్చున్న చిన్న పెట్టె అది. సూదిమొనలాంటి కాంతిగీతను రాతి మీదికి పంపుతుంది. రాతికి తగిలి తిరిగి వచ్చిన కాంతిని పట్టుకుంటుంది. పోయి రావడానికి ఎంతసేపు పట్టిందో లెక్కగట్టి దూరం తేలుస్తుంది. కాంతి సెకనుకు 3 లక్షల కిలోమీటర్లు పోతుంది గనుక ఇక్కడ గడియారం మామూలుది అయితే చాలదు. సెకనును వంద కోట్ల భాగాలు చేస్తే, అందులో ఒక్క భాగంలో కాంతి సుమారు అడుగు దూరం పోతుంది. మిల్లీమీటర్ల తేడా పట్టుకోవాలంటే అంతకంటే ఎంతో సన్నని కాలాన్ని కొలవాలి. కొన్ని రకాల యంత్రాలు కాలానికి బదులు తిరిగివచ్చిన కాంతి అలలో వచ్చిన తేడాను చూసి దూరం చెబుతాయి.

పెట్టె నిలబడ్డ చోటనే గిర్రున తిరుగుతూ, లోపలి అద్దం పైకీ కిందికీ తిరుగుతూ ఉండగా, కాంతిగీత గోడలనూ స్తంభాలనూ పైకప్పునూ ఒక్క చోటూ వదలకుండా తడుముతుంది. ఒక్కొక్క తాకిడికి ఒక్కొక్క చుక్క. ఆ చుక్క ఎటువైపు, ఎంత ఎత్తున, ఎంత దూరాన ఉందో యంత్రం రాసుకుంటుంది. ఇప్పటి యంత్రాల్లో మంచివి సెకనుకు పది లక్షల చుక్కల దాకా కొలుస్తాయి. అన్నీ కలిపి కంప్యూటరు తెర మీద చూస్తే గుడి ఆకారం చుక్కల మబ్బులా తేలి కనిపిస్తుంది. దాన్ని అటూ ఇటూ తిప్పి చూడవచ్చు. పైనుంచి చూడవచ్చు, అడ్డంగా కోసినట్టు చూడవచ్చు. ఏ రెండు చుక్కల మధ్య దూరమైనా అడిగిన వెంటనే చెబుతుంది.

అయితే ఒక్క చోటినుంచి అంతా కనబడదు. స్తంభం వెనక ఏముందో యంత్రానికీ తెలియదు. అందుకని దాన్ని మండపంలో ఒకచోట, గర్భగుడి వాకిట ఒకచోట, ప్రాకారం నాలుగు మూలలా పెట్టి మళ్లీ మళ్లీ తిప్పుతారు. నలుపు తెలుపు గళ్ల అట్టలనో, తెల్లటి బంతులనో గుర్తులుగా అమర్చి, అన్ని చోట్ల తీసిన చుక్కలనూ ఆ గుర్తుల ఆధారంగా ఒకదానికొకటి కలుపుతారు. చీరకు అంచు కలిపి కుట్టినట్టే, గుర్తులు సరిగా కలవకపోతే పనంతా వంకర పోతుంది. స్థలంలో కొలిచేది రెండు రోజులైతే, గదిలో కూర్చుని కలిపే పని వారాలు పడుతుంది. ఫొటోల్లో కనిపించని కష్టం అదే.

మోసుల్ కుర్రవాడు

ఈ యంత్రాన్ని పాత కట్టడాల దగ్గరికి తెచ్చినవారిలో ముందుగా చెప్పుకోవలసిన వ్యక్తి బెన్ కసిరా. ఇరాక్‌లోని మోసుల్‌లో పుట్టారు. ఊరి పక్కనే వేల ఏళ్లనాటి నినెవే నగర శిథిలాలు. చిన్నతనంలో తండ్రి చేయి పట్టుకుని వాటిని చూడడానికి వెళ్లేవారు. పెద్దయ్యాక అమెరికా వెళ్లి ఇంజనీరుగా స్థిరపడ్డారు. 1990ల్లో ఆయన కంపెనీ, మోసుకుపోగలిగిన లేజర్ స్కానరును తయారుచేసింది. కర్మాగారాలను, వంతెనలను కొలవడానికి చేసిన యంత్రం అది.

2001 మార్చిలో అఫ్ఘానిస్తాన్‌లోని బామియాన్‌లో తాలిబాన్లు రెండు మహాబుద్ధ విగ్రహాలను పేల్చివేశారు. వాటిలో ఒకటి 55 మీటర్లు, రెండవది 38 మీటర్ల ఎత్తు. పదిహేను వందల ఏళ్లుగా కొండ గోడలో నిలిచిన విగ్రహాలు రోజుల్లో రాళ్లకుప్ప అయ్యాయి. ఆ వార్త కసిరాను కలచివేసింది. కంపెనీని అమ్మివేసిన ఆయన 2003లో భార్యతో కలిసి సైఆర్క్ అనే సంస్థను నెలకొల్పారు. ప్రపంచంలోని పాత కట్టడాలను పోకముందే కొలిచి దాచిపెట్టడం దాని పని. ఆయన చిన్ననాడు చూసిన నినెవే కోటద్వారాలను 2016లో ఉగ్రవాదులు కూల్చివేశారు.

కొలిచిన ఏడాదికే కాలిపోయిన గుడిసె

ఈ పనికి అక్కర ఉందా, డబ్బు దండగ కాదా అని సందేహించేవారు ఉగాండా దేశం సంగతి వినాలి. రాజధాని కంపాలాలో కసూబి అనే కొండ మీద బుగాండా రాజుల సమాధి మందిరం ఉంది. 1882లో రాజభవనంగా కట్టిన పెద్ద గుండ్రటి పూరిల్లు అది. కొయ్య స్తంభాలు, వెదురు, పైన గడ్డికప్పు. అంతే. అయినా అక్కడి జనానికి అది దేవాలయంతో సమానం, నలుగురు రాజులు అందులో నిద్రిస్తున్నారు. 2009లో దాన్ని లేజరుతో కొలిచారు. 2010 మార్చి 16 రాత్రి నిప్పంటుకుని కాలిపోయింది. గడ్డి ఇల్లు ఎంతసేపు కాలుతుందో పల్లెవాసులకు వేరే చెప్పనక్కరలేదు. తిరిగి కట్టుకునేవారి చేతిలో అదృష్టవశాత్తు పాతదాని కొలతలు ఉన్నాయి. పని ఏళ్ల తరబడి సాగింది. 2023లో యునెస్కో దాన్ని ప్రమాదంలో ఉన్న కట్టడాల జాబితా నుంచి తొలగించింది.

పారిస్‌లోని నోత్రదామ్ చర్చి అగ్నిప్రమాదం పత్రికల్లో అందరూ చదివినదే. 2019 ఏప్రిల్ 15 సాయంత్రం పైకప్పు అంటుకుంది. శిఖరం విరిగి కూలింది. అంతకు తొమ్మిదేళ్ల ముందు, 2010లో, ఆండ్రూ టాలన్ అనే అమెరికా కళాచరిత్ర అధ్యాపకుడు ఆ చర్చిని లేజరుతో కొలిచారు. 50కి పైగా చోట్ల యంత్రం నిలబెట్టి వంద కోట్లకు పైగా చుక్కలు సేకరించారు. చర్చి కాలిపోతుందని ఆయన కొలవలేదు. ఎనిమిది వందల ఏళ్ల కిందటి తాపీ మేస్త్రీలు ఎలా ఆలోచించారో తెలుసుకోవాలన్న కుతూహలం ఆయనది. చర్చి కాలిపోవడం ఆయన చూడలేదు, అయిదు నెలల ముందు 2018 నవంబరులో మరణించారు.

ఇక్కడ గమనించవలసిన మరో విశేషం ఉంది. కాలిపోయిన పైకప్పులోని కొయ్య దూలాలు ఒక అడవంత ఉండేవి. 2014లో రెమీ ఫ్రోమాఁ, సెడ్రిక్ ట్రాంటెసో అనే ఇద్దరు ఫ్రెంచి వాస్తుశిల్పులు ఆ దూలాల మధ్య తిరిగి ఒక్కొక్క దూలాన్నీ కొలిచి, గీసి పెట్టారు. తిరిగి కట్టేటప్పుడు వడ్రంగులు ఓకు మానులను గొడ్డళ్లతో చెక్కి దూలాలు చేసింది ఆ పటాలు చూసే. యంత్రం ఎంత గొప్పదైనా, దూలానికీ దూలానికీ మధ్య అతుకు ఎలా వేశారో, గొడ్డలి గాటు ఎటునుంచి పడిందో కంటితో చూసి గుర్తుపెట్టుకునే మనిషి కావాలి. నోత్రదామ్ 2024 డిసెంబరు 7న తిరిగి తలుపులు తెరిచింది.

వంద నోటు మీది బావి

మన దేశంలో ఈ రకంగా కొలిచిన కట్టడాల్లో ఒకటి దాదాపు ప్రతి ఇంట్లోనూ ఉంది. 2018లో వచ్చిన లేత ఊదారంగు వంద రూపాయల నోటు వెనక ముద్రించిన మెట్లబావి అదే. పేరు రాణీ కీ వావ్. గుజరాత్‌లోని పాటన్‌లో ఉంది. 11వ శతాబ్దిలో భీమదేవుని పేర రాణి ఉదయమతి కట్టించిందని ప్రతీతి. 64 మీటర్ల పొడవు, 27 మీటర్ల లోతు. ఏడు అంతస్తుల పొడవునా శిల్పాలు. సరస్వతీ నది వరద మట్టి నిండి వందల ఏళ్లు మరుగున పడి, 1980ల నాటికి పురావస్తు శాఖ తవ్వకాలతో పూర్తిగా బయటపడింది.

2011లో స్కాట్లాండ్ నుంచి వచ్చిన బృందం భారత పురావస్తు సర్వేతో, సైఆర్క్‌తో కలిసి ఈ బావిని లేజరుతో కొలిచింది. పైనుంచి ఎంత చూసినా కింద మెట్ల వెనక మూలలు కనిపించని కట్టడం అది. అంతస్తు అంతస్తుకూ యంత్రాన్ని దింపి నిలబెట్టవలసి వచ్చింది. 2014లో అది ప్రపంచ వారసత్వ కట్టడంగా గుర్తింపు పొందింది. అమరావతి రాళ్లను గీయించిన మెకంజీ కూడా స్కాట్లాండువాడే కావడం కాకతాళీయమే అయినా చెప్పుకోదగిన సంగతి. హంపిలోనూ కేంద్ర శాస్త్ర సాంకేతిక విభాగం చేపట్టిన పథకం కింద ఇటువంటి కొలతలు తీశారు.

యంత్రాన్ని నేల మీదనే పెట్టాలని లేదు. ఆకాశం నుంచి కూడా కాంతిని కురిపించవచ్చు. 2020 చివర మొదలైన భూముల రీసర్వేలో పొలాల మీద డ్రోను ఎగరడం చూసినవారికి ఇది తేలిగ్గా అర్థమవుతుంది. 2012లో కాంబోడియాలో అంకోర్ పరిసరాల అడవి మీద హెలికాప్టరు ఎగిరి 370 చదరపు కిలోమీటర్ల మేర లేజరు కిరణాలు కురిపించింది. ఆకుల సందుల్లోంచి నేలను తాకి తిరిగి వచ్చిన కిరణాలను మాత్రం వేరుచేసి చూస్తే, అడవి కింద పాత వీధులు, చెరువుకట్టలు, కాలువలు బయటపడ్డాయి.

యంత్రానికి తెలియనివి

ఇంత చెప్పాక దాని లోపాలూ చెప్పాలి. కాంతి తగిలిన పైపొరనే అది చూస్తుంది. గోడ లోపల బోలుగా ఉందో, పునాది కుంగిందో దానికి తెలియదు. నునుపుగా మెరిసే రాయి దాన్ని తికమకపెడుతుంది. నీటి మీద పడిన కిరణం చాలాసార్లు తిరిగి రాదు. వాన తుంపరలో, దుమ్ములో చుక్కలు చెదురుతాయి. గోపురం పైభాగాన్ని నేల మీదినుంచి కొలవాలంటే సగం దాగిపోతుంది. పరంజాయో, డ్రోనో కావాలి. ఆ రాయి ఏ కాలానిది, ఎవరు చెక్కారు, దేనికి చెక్కారు అన్న ప్రశ్నలకు యంత్రం మూగ.

ఇంకొక చిక్కు అంతకంటే పెద్దది. మెకంజీ గీయించిన కాగితాలు 200 ఏళ్లు గడిచాక కూడా విప్పి చూస్తే కనిపిస్తున్నాయి. లేజరు కొలతలు కంప్యూటరు డిస్కుల్లో ఉంటాయి. ఇరవై ఏళ్ల కిందటి ఫ్లాపీని చదివే యంత్రం ఈనాడు వెతికితే గాని దొరకదు. అందుకే కొలతలను కొన్నేళ్లకొకసారి కొత్త డిస్కుల్లోకి మార్చాలి, ఒకటికి రెండు చోట్ల దాచాలి. కొలిచినవారు బదిలీ అయి, డిస్కు బీరువాలో ఉండిపోతే కొలిచినా కొలవనట్టే.

లెక్కలో లేని గుళ్లు

2022 డిసెంబరులో పార్లమెంటరీ సంఘానికి కేంద్ర సాంస్కృతిక శాఖ ఇచ్చిన లెక్క ఒకటి చదివితే ఎవరికైనా మనసు చివుక్కుమంటుంది. దేశంలో కేంద్రం రక్షణలో ఉన్న కట్టడాలు 3,693. వాటిలో 50 కనిపించడం లేదు. 14 పట్టణాలు పెరిగి వాటి కింద కలిసిపోయాయి. 12 ఆనకట్టల నీటిలో మునిగాయి. మిగిలిన 24 ఎక్కడున్నాయో జాడే లేదు. ప్రభుత్వ జాబితాలో ఎక్కి, చట్టం కాపలా ఉన్నవాటి గతి ఇది. జాబితాలో లేని ఊరి గుళ్లు, వీరగల్లులు, పొలం గట్టున ఒరిగిన శాసనం రాళ్లు, చెరువుకట్ట మీది నాగప్రతిమలు ఎన్ని పోయాయో లెక్క కట్టేవారు లేరు.

పడిపోయేది ఎప్పుడూ ఊరి చివరి పాడుగుడే అనుకోరాదు. శ్రీకృష్ణదేవరాయలు 1516లో కట్టించిన శ్రీకాళహస్తి రాజగోపురం 2010 మే 26న కూలిపోయింది. దాని స్థానంలో కొత్త గోపురం లేచి 2017లో కుంభాభిషేకం జరుపుకుంది.

పల్నాటి పల్లెల్లో గుళ్లకు ముప్పు ఎక్కువగా వచ్చేది శత్రువుల వల్ల కాదు, భక్తుల వల్లనే. పంటలు బాగా పండిన ఏడో, ఊరివారు విదేశాల్లో సంపాదించి చందా పంపిన ఏడో జీర్ణోద్ధరణ తలపెడతారు. తలపు మంచిదే. పాత మండపం విప్పి రాళ్లు ఒక పక్క కుప్ప పోస్తారు. ఏ స్తంభం ఎక్కడిదో రెండు నెలలకు ఎవరికీ గుర్తుండదు. చివరకు సిమెంటు మండపం లేస్తుంది. పాత స్తంభాలు బట్టలు ఉతికే బండలవుతాయి. శాసనం ఉన్న రాయి మీద రంగు పడుతుంది. గుడికి మాన్యం ఇచ్చినవారి పేరు, ఊరి పాత పేరు, ఆనాటి పన్నులు, కొలతలు ఆ రంగు కింద కప్పబడతాయి.

ఊరి గుడికి లక్షల ఖరీదు చేసే లేజరు యంత్రం ఎవరు తెస్తారన్న ప్రశ్న సహజం. తేనక్కరలేదు. జేబులోని సెల్‌ఫోను ఫొటోలతోనే గుడి ఆకారాన్ని కంప్యూటరు మీద నిలబెట్టే పద్ధతి ఇప్పుడు ఉంది. లేజరంత ఖచ్చితం కాకపోయినా, ఏమీ లేనిదానికంటే వెయ్యి రెట్లు మేలు. ఇంజనీరింగు చదివే పిల్లలు నాలుగు రోజుల్లో నేర్చుకోగలరు. గుడి చుట్టూ అడుగడుగుకూ ఒక ఫొటో తీస్తూ నడవాలి. ఒక ఫొటోలో కనిపించినదానిలో సగానికి పైగా తరువాతి ఫొటోలోనూ కనిపించాలి. అప్పుడే కంప్యూటరు ఒకదానికొకటి ముడివేయగలదు. అడుగులు, అంగుళాలు గీసిన ఒక కర్రను గోడకు ఆనించి ఉంచితే కొలత తెలుస్తుంది. మిట్టమధ్యాహ్నం కంటే మబ్బు పట్టిన రోజు మంచిది. శాసనాలకు మాత్రం ఉదయమో సాయంత్రమో పక్కనుంచి వాలుగా ఎండ పడే వేళ చూసుకోవాలి, అరిగిన అక్షరాల గాట్లలో నీడ నిలిచి చదవడానికి వీలవుతుంది. అక్షరాలు కనబడాలని సున్నం పూయడం, నూనె రాయడం, మేకుతో గీకడం కూడదు. వాటివల్ల రాయి ఇంకా పాడవుతుంది. శాసనాన్ని తడి కాగితం పరచి, సిరా అద్ది ముద్ర తీసే పని శాసన నిపుణులది, వారికి కబురు చేయడమే ఉత్తమం.

గుడి రక్షిత కట్టడమైతే అనుమతి లేకుండా ఒక్క రాయి కదిపినా 1958 చట్టం ప్రకారం నేరం. కానిదైతే ఆపేవారు లేరు, అంచేతనే జాగ్రత్త ఎక్కువ కావాలి. మండపం విప్పక తప్పదనుకున్నప్పుడు ముందు ఫొటోలు తీయాలి. తరువాత తెల్ల కాగితం మీద మండపానికి పటం గీసి, ప్రతి స్తంభానికీ ప్రతి దూలానికీ ఒక అంకె ఇవ్వాలి. అదే అంకెను రాతి మీద, శిల్పం లేని పక్కన, కడిగితే పోయే రంగుతో వేయాలి. రాయి ఏ ముఖం తూర్పుకు ఉందో బాణం గుర్తు పెట్టాలి. ఆ పటానికి రెండు నకళ్లు తీయించి ఒకటి గుళ్లోనూ, ఒకటి పంచాయతీ కార్యాలయంలోనూ ఉంచిన తరువాతే మొదటి రాయికి గునపం తగిలించాలి.